చేతికందే అర

వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి తనదైన గది కావాలని రాసినప్పటి నుంచీ మనం గది గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆ గది లేక వంటింటి బల్ల మీదో, మంచం చివరో కూర్చుని రాసుకున్న రచయిత్రుల అనుభవాలు ఎన్నో చదువుకున్నాం. వంటింటి గురించి విమల కవిత చదివాక మన వంటింటిని మనం మునుపటిలా చూడలేకపోయాం. కానీ ఆ గదుల్లో ఉండే అరల గురించి పెద్దగా అనుకోలేదు. ఒక మనిషి వస్తువులు ఇంట్లో ఎంత ఎత్తులో, ఎంత లోతులో ఉంటాయి? వాటిని తీసుకోవాలంటే ఆ మనిషి ఎవర్ని అడగాలి? ఈ ప్రశ్నలు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. పోయినేడు మా ఇంటి అల్మారాకి నా చేతులతో లాగుడు అరలు బిగించుకున్నాక అవి అంత చిన్న ప్రశ్నలేం కావనిపిస్తోంది.

వస్తువులు దాచుకునే చోట్లకి మన ఇళ్లలో ఒక చరిత్ర ఉంది. మట్టిగోడల్లో గూళ్లుండేవి. గూట్లో దీపం, దువ్వెన, కాటుకడబ్బీ. గూడు లోతు గోడ మందాన్ని దాటదు కాబట్టి అందులో పెట్టిన వస్తువు కళ్లకి కనిపించి తీరుతుంది. అటక మీద ఇత్తడి సామానూ జాడీలూ ఉండేవి. కలిగినవాళ్ల ఇళ్లలో భోషాణం, దాని తాళం ఇంటి పెద్ద దగ్గర. పెళ్లయి వచ్చే పిల్ల వెంట ఒక ట్రంకుపెట్టె వచ్చేది. అత్తింట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోగలిగిన చోటు చాలాకాలం పాటు ఆ పెట్టె ఒక్కటే. తర్వాత ఇనప బీరువాలొచ్చాయి. బీరువాలో ఒక లాకరు, అందులో ఆమె నగలతో పాటు అతని దస్తావేజులు. తాళాలగుత్తి ఆమె నడుముకే వేలాడినా లాకరు ఎప్పుడు తెరవాలో నిర్ణయించేది మాత్రం చాలా ఇళ్లలో ఆమె కాదు.

అపార్ట్‌మెంట్లు వచ్చాక గూడూ పోయింది, పెట్టే పోయింది. హైదరాబాదులో మధ్యతరగతి ఫ్లాట్లు చాలావాటిలో కనిపించే ఏర్పాటు ఒకటే. గోడలో రెండడుగుల లోతున ఖాళీ వదిలి, నాలుగైదు కడప బండలు అడ్డంగా దించి, ముందు చెక్క చట్రానికి రెండు తలుపులు బిగిస్తే అల్మారా అయిపోయినట్టే. కడప బండ చవక. చెద పట్టదు, బరువుకి వంగదు. వచ్చిన చిక్కల్లా ఆ లోతుతోనే. మడత పెట్టిన చీర అడుగున్నర పొడవు కూడా ఉండదు. అందుకని ప్రతి అరలోనూ తప్పనిసరిగా రెండు వరసలు తయారవుతాయి, ముందు వరస, వెనక వరస. పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లేవాళ్ల బట్టలు, పిల్లల యూనిఫారాలు ముందుకొస్తాయి. ఎవరికి తొందర లేదని ఇల్లు అనుకుంటుందో వాళ్లవి వెనక్కి పోతాయి. ఎవరూ కావాలని చెయ్యరు. రోజూ కాస్త కాస్తగా జరిగిపోతుంది.

మా ఇంట్లో అలా వెనక్కి పోయినవి అమ్మ వస్తువులు. రెండేళ్లుగా అమ్మ మా దగ్గరే ఉంటోంది. రెండు మోకాళ్లకీ ఆపరేషనయింది. కింద కూర్చోవద్దు, గొంతుక్కూర్చోవద్దు అన్నారు డాక్టరు. అమ్మ ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. పై అర అందదు, కింది అరకి వంగలేదు, మధ్య అరలో వెనక వరస కనిపించదు. మొదట్లో "కాస్త అది తీసిపెట్టవే" అని అడిగేది. కొన్నాళ్లకి అడగటం మానేసింది. చుట్టాలింట్లో పెళ్లికి కూడా ముందు వరసలో ఉన్న ఆ నాలుగు నేతచీరల్లోనే ఒకటి కట్టుకుని బయల్దేరింది.

"ఆ గద్వాల చీర కట్టుకోవచ్చుగా అమ్మా, తీసిస్తా ఉండు" అన్నాను.

"వద్దులే."

"ఎందుకని? నీ చీరేగా!"

"అడిగి తీయించుకునే చీర నాదెట్లా అవుతుందే?" అంది అమ్మ, కోపం లేకుండానే.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. హక్కుల గురించి మనం మాట్లాడే పద్ధతిలో ఆ మాటకి చోటు ఎక్కడుందా అని ఆలోచించాను. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం అత్తింటివాళ్ల దగ్గర ఉన్నంత మాత్రాన వాళ్లదైపోదు, అది ఆమె సొంతమే అని తేల్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టసవరణ పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ ఆ హక్కు వచ్చింది. ఇవన్నీ పోరాడి సాధించుకున్నవి. వీటన్నిటిలోనూ ప్రశ్న ఒకటే, ఈ వస్తువు ఎవరిది? అమ్మ అడిగిన ప్రశ్న దాని తర్వాతది. నాదే, ఒప్పుకున్నాం. మరి నాకు నేనుగా దాన్ని అందుకోగలనా? ఈ రెండో ప్రశ్నకి కోర్టు లేదు. వయసు మీద పడ్డాక, జబ్బు చేశాక, శరీరం ఒక పక్క సహకరించనప్పుడు రోజూ ఎదురయ్యేది ఈ రెండో ప్రశ్నే.

అరలు లాగితే బయటికొచ్చేట్టు చేయిద్దామని ఒక కార్పెంటర్‌ని పిలిచాను. అతను చూశాడు, టేపు తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "సారున్నప్పుడు వస్తా మేడమ్, కొలతలవీ మాట్లాడుకోవాలి కదా" అన్నాడు. నా సహచరుడికి ఆ అల్మారాలో ఏ అర ఎక్కడుందో కూడా తెలియదు! ఇంకొకతను మొత్తం పగలగొట్టి కొత్త వార్డ్‌రోబు పెట్టుకోమన్నాడు. అప్పుడనిపించింది, నేనే ఎందుకు చెయ్యకూడదు? డాక్టరేటు కోసం ఆరేళ్లు పాత పత్రికల్లో తలదూర్చిన దాన్ని, ఒక చెక్కపెట్టె కొలతలు వెయ్యలేనా?

లాగుడు అర అంటే మరేం లేదు. నాలుగంగుళాల అంచులున్న వెడల్పాటి పళ్లెం లాంటి చెక్కపెట్టె. దానికి రెండు పక్కలా టెలిస్కోపిక్ ఛానళ్లు బిగిస్తారు. ఒక ఛానల్లో మూడు ఉక్కు పట్టీలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి, వాటి మధ్య చిన్న చిన్న ఉక్కు గోళీలు. లాగితే మూడూ ఒకదాని వెంట ఒకటి జారి పెట్టె మొత్తం బయటికి వస్తుంది. పాతకాలం చెక్క సొరుగు ముప్పాతిక లాగేసరికి ముందుకి ఒరిగిపోయేది. వెనక పాతిక భాగం ఎప్పుడూ చీకట్లోనే. ఛానల్ వల్ల ఆ చీకటి పాతిక కూడా వెలుగులోకి వస్తుంది.

కొలత దగ్గరే అసలు పని ఉంది. ఒక్కో ఛానల్ మందం అరంగుళం. అంటే పెట్టె వెడల్పు ఖాళీ కన్నా సరిగ్గా అంగుళం తక్కువ ఉండాలి. పెట్టె వెడల్పెక్కువైతే లోపలికి దూరదు, మరీ తక్కువైతే ఛానళ్లు ఊడి వస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా కూడా ఇబ్బందే. మన గోడలేమో సమాంతరంగా ఉండవు. అందుకని ముందు, మధ్య, వెనక మూడు చోట్లా కొలవాలి. మా అల్మారాలో ముందు 890, మధ్యలో 888, వెనక 886 మిల్లీమీటర్లు వచ్చింది. లెక్కకి తీసుకోవలసింది అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని. 886లోంచి రెండు పక్కలా గోడకి బిగించే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు పోతే 850. ఛానళ్లకి 26 పోతే 824. అదీ పెట్టె వెడల్పు.

ఆ పక్కపలకలు ఎందుకంటే, ఒకటి, సిమెంటు పూతలో చిన్న స్క్రూలు నిలవవు. పలకని గోడకి ప్లగ్గులూ పొడవాటి స్క్రూలతో బిగించి, ఛానల్‌ని పలకకి బిగించాలి. రెండు, గోడ వంకర ఉన్నచోట పలక వెనక సన్నటి చెక్కముక్కలు దూర్చి నిట్టనిలువుగా నిలబెట్టొచ్చు. మూడు, తలుపుల చట్రం గోడ కంటే లోపలికి పొడుచుకుని ఉంటుంది. పలక లేకపోతే పెట్టె బయటికి వచ్చేటప్పుడు చట్రానికి తగులుకుంటుంది. మా చట్రం లోపలి వెడల్పు 860. 824 పెట్టె దాన్ని తప్పించుకుని హాయిగా వస్తుంది. తలుపులు మాత్రం పూర్తిగా వెనక్కి తెరుచుకోవాలి.

లోతు రెండడుగులున్నా ఛానళ్లు ఇరవై అంగుళాలవే తీసుకున్నాను. ముందు చట్రానికి కొంత పోతుంది, వెనక రెండంగుళాలు గాలాడాలి. మా అల్మారా వెనక గోడ స్నానాలగదిది. అందుకే ప్లైవుడ్ కూడా నీళ్ల చెమ్మకి తట్టుకునే బి.డబ్ల్యు.ఆర్. రకం అడిగాను. మామూలు ఎం.ఆర్. రకం కన్నా ఖరీదెక్కువ, కానీ గోడ చెమ్మకి పొరలు విడిపోదు. చీరలు పెడితే అరుగుతుందేమోనని అమ్మ భయం. పట్టుచీర ముప్పాతిక కేజీ అనుకున్నా ముప్పై చీరలు పాతిక కేజీలు దాటవు. ఆ జత ఛానళ్లు నలభైఅయిదు కేజీలు మోస్తాయని డబ్బా మీదే ఉంది.

పలకలు దుకాణంలోనే మిషన్ మీద కోయించుకున్నాను. "ఎవరు చేస్తారమ్మా?" అనడిగాడు కోసేతను. నేనే అన్నాను. నవ్వుతాడేమో అనుకున్నా గానీ నవ్వలేదు. "అయితే అంచులు చిత్రిక పట్టి ఇస్తా, చీరలు లాగెయ్యకుండా" అన్నాడు. పని తెలిసినవాడు పనిని గౌరవిస్తాడనడానికి అంతకంటే ఏం కావాలి?

పెట్టె కూర్చడం సులువే. ఫెవికాల్, స్క్రూలు, మూలమట్టం. అడుగుపలక బిగించే ముందు ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి కొలిచి చూసుకోవాలి. రెండూ సమానంగా వస్తేనే పెట్టె నలుచదరంగా ఉన్నట్టు. టేపు రెండో కొస పట్టుకున్న అమ్మ, "ముగ్గులో చుక్కలు సరిచూసుకున్నట్టేగా" అంది. ఛానల్లో రెండు రకాల బెజ్జాలుంటాయి, గుండ్రటివీ కోలగా ఉన్నవీ. ముందు కోల బెజ్జాల్లో మాత్రమే స్క్రూలు వదులుగా బిగించి, రసమట్టం పెట్టి చూసి, పైకీ కిందికీ జరిపి, పెట్టె లాగినప్పుడు తడబడకుండా వచ్చాకే గుండ్రటి బెజ్జాల్లో స్క్రూలు దించాలి. తయారుచేసినవాళ్లు సవరించుకోవడానికి చోటు వదిలిపెట్టి మరీ చేశారన్నమాట. నాకది చాలా నచ్చింది.

అరల ఎత్తులు నిర్ణయించింది అమ్మ శరీరమే. చేతులు కిందికి వదిలి నిలబడితే ఆమె వేలికొసలు నేలకి 22 అంగుళాల ఎత్తులో ఉన్నాయి. భుజం 48 అంగుళాల దగ్గర. ఆ రెంటి మధ్యే మూడు లాగుడు అరలు. వాటికి పైన, కింద ఉన్న బండలు మా ఇద్దరికీ.

ఈ కొలత తీస్తున్నప్పుడు ల కొర్బూజియే గుర్తొచ్చాడు. ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక వాస్తుశిల్పానికి పెద్దదిక్కైన ఆయన 1940లలో మాడ్యులర్ అనే కొలతల పద్ధతి తయారుచేశాడు. తలుపెంత ఎత్తుండాలి, బల్లెంత ఎత్తుండాలి అన్నది ఒక ఆదర్శ మానవుడి శరీరాన్ని బట్టి నిర్ణయిస్తుందది. ఆ మానవుడు ఆరడుగుల పురుషుడు. ఎందుకు ఆరడుగులంటే, ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందమైన పోలీసులు ఆరడుగులుంటారట! అమ్మ ఆ లెక్కలో ఎక్కడా లేదు. నేనూ లేను.

అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1926లో, ఆస్ట్రియాకి చెందిన వాస్తుశిల్పి మార్గరెటె ష్యూట్-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు రూపొందించింది. కార్మిక కుటుంబాల కోసం కట్టిన ఇళ్లలో సుమారు పదివేల చోట్ల ఆ వంటిల్లు పెట్టారు. దాదాపు ఆరున్నర చదరపు మీటర్ల చోటులో ఏ వస్తువు ఎక్కడుంటే ఎన్ని అడుగులు మిగులుతాయో లెక్కగట్టి, పప్పులకీ బియ్యానికీ పేర్లు రాసిన లాగుడు డబ్బాలు అమర్చింది. ఆమె నాజీలని ఎదిరించి జైలుకి వెళ్లిన మనిషి కూడా. స్త్రీల సమయం మిగలాలన్నది ఆమె ఆశయం. కానీ 1970లలో స్త్రీవాదులు ఆ వంటింటినే విమర్శించారు. ఒక్కరే పట్టే గది కట్టి, ఆ ఒక్కరూ స్త్రీయేనని ఖాయం చేశారు కదా అన్నారు.

ఈ విమర్శ నా లాగుడు అరలకీ వర్తిస్తుందా? ఇల్లు సర్దుకోవడాన్ని స్త్రీల ప్రతిభగా పొగిడే పత్రికల శీర్షికలు మనకి కొత్త కాదు. నేను పరిశోధించిన తొలినాటి స్త్రీల పత్రికల్లోనే గృహనిర్వహణ పాఠాలు బోలెడు. అర ఎంత బాగా జారినా బట్టలు మడిచేది ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97. స్త్రీలకి పది నిమిషాలు తగ్గితే పురుషులకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! సౌకర్యం పెరిగినంత మాత్రాన శ్రమ పంచుకోవడం పెరగదని ఈ అంకెలే చెబుతున్నాయి.

అయినా ఆ విమర్శ మొత్తంగా ఇక్కడ అతకదనుకుంటాను. ఇంటిపని వేగంగా జరగాలని నేనీ అరలు చెయ్యలేదు. ఒక మనిషి ఇంకొకరిని అడక్కుండా తన వస్తువుని తాను అందుకోవాలని చేశాను. ఈ రెంటికీ తేడా ఉంది. మొదటిది ఇంటికి ఉపయోగం, రెండోది మనిషికి. చేతిపని అనగానే కుట్లూ అల్లికలూ అని చిన్నచూపు చూడటం మనలోనూ ఉంది. అబ్బూరి ఛాయాదేవిగారు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేశారు, పదునైన కథలు రాశారు, పనికిరాని వస్తువులతో బొమ్మలు చేశారు. ఒక పనికోసం ఇంకో పనిని తక్కువ చెయ్యలేదు. గ్రంథాలయశాస్త్రానికి రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో ఒకటి పాఠకుల సమయం ఆదా చెయ్యమంటుంది. పుస్తకానికి దక్కిన ఆ మర్యాద అమ్మ చీరకి ఎందుకు దక్కకూడదు?

మూడు అరలూ బిగించిన రోజు మా ఇంట్లో పనిచేసే ఆమె ఒక్కొక్కటీ లాగి, తోసి, ముచ్చటపడింది. "మీ ఇంట్ల సామాన్లు ఏడ పెడ్తవ్?" అన్నాను. "నాకేడుందమ్మా అల్మారా? మంచం కింద పెట్టె ఉంది. గుంజితే ఒస్తది, నూకితే పోతది. గదే నా స్లైడింగు" అని నవ్వింది. నవ్వుతూనే ఇంకో మాట కూడా చెప్పింది. ఏ ఇంట్లో పనికి పోయినా తన సంచి పెట్టుకోడానికి చెప్పుల పక్కనే చోటు చూపిస్తారట. అరల రాజకీయం అమ్మ దగ్గర మొదలై అమ్మ దగ్గరే ఆగేది కాదు. మిగిలిన ప్లైవుడ్‌తో హాల్లో ఆమె ఎత్తుకి ఒక చిన్న అర బిగించాను. దాంతో ఆమె జీతం పెరగదని నాకు తెలుసు, అందుకని ఆ మాట విడిగా మాట్లాడుకున్నాం. కానీ సంచి ఇప్పుడు చెప్పుల పక్కన లేదు.

వెనక వరస ఖాళీ చేస్తున్నప్పుడు అమ్మ వస్తువులు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గద్వాల చీరతో పాటు రెండు నోటు పుస్తకాలు. ఒకదాంట్లో ముగ్గులు, ఇంకోదాంట్లో అమ్మమ్మ పాడుతుంటే అమ్మ రాసుకున్న పెళ్లిపాటలు. నేను స్త్రీల సాహిత్యంలో డాక్టరేటు తీసుకున్నాను. ఈ పుస్తకాలు నా మంచానికి నాలుగడుగుల దూరంలో చీకట్లో ఉన్నాయి. భండారు అచ్చమాంబ 1902లో రాసిన 'ధనత్రయోదశి' పాత పత్రికల్లోంచి వెలికివచ్చాకే కదా, తొలి తెలుగు కథ అంటే 1910 నాటి 'దిద్దుబాటు' ఒక్కటే అన్న మాటని మనం ప్రశ్నించగలిగింది! 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చేదాకా దళిత స్త్రీల రచనలు ఎన్నెన్ని చోట్ల చెల్లాచెదురుగా ఉండిపోయాయి! ఆ రచనలు అంతకుముందు లేక కాదు. వెనక వరసలో ఉన్నాయి. వాటిని ముందుకి లాగడానికి ఎవరో ఒకరు పూనుకోవలసి వచ్చింది.

ఆ పాటల పుస్తకం నాకివ్వమని అడిగాను, అచ్చుకి ఎక్కిద్దామన్నాను. "చూద్దాంలే, ముందు నన్ను చదువుకోనీ" అంది అమ్మ. దాన్ని మధ్య అరలో పెట్టుకుంది. ఆ తర్వాత వారం రోజులు అమ్మ తన అరలు తనే సర్దుకుంది. పట్టుచీరలన్నీ ఒకచోట లేవు, నూలువన్నీ ఒకచోట లేవు. రంగుల వరసా కాదు, కొన్న ఏళ్ల వరసా కాదు. గద్వాల చీర పక్కన మందుల చీటీలు, వాటి కింద పాటల పుస్తకం, దాని పక్కన నాన్న కళ్లజోడు. ఆ వరస ఏమిటో నాకు తెలియదు. అమ్మ మాత్రం అర లాగి, చూడకుండానే కావలసినది తీసుకుంటోంది.